అద్దం మేస్త్రి గడ్డి నేల

మా మామయ్య గురించి మంచి మాటలు కావాలంటే ఆయన నేల పరిచిన ఇళ్ళకి వెళ్ళి అడగండి. బ్యాంకు హాల్లో అడగండి, ఆసుపత్రి వరండాలో అడగండి. నన్ను అడిగితే మాత్రం ముందు తిట్లు వస్తాయి, మిగతావి తర్వాత వస్తాయి. ఆయన మా అమ్మకి తమ్ముడు. కింది వాటాలో ఆయనా అత్తా ఉంటారు, పై వాటాలో నేనూ నా కుట్టుమిషనూ ఉంటాం. కోపం మా ఇంటి ఆస్తి. అమ్మ పోతూ పోతూ తన వంతు కూడా నాకే వదిలి వెళ్ళింది.

ఆయన నేల మేస్త్రి. రాళ్ళు పరచడం, సందులు పూడ్చడం, సానపట్టి మెరుపు తెప్పించడం ఆయన పని. అందరూ అద్దం మేస్త్రి అంటారు. రసమట్టం ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే దాన్ని తీసి బల్ల మీద పెట్టి చూస్తాడు. లోపలి బుడగ నడిమధ్యన నిలబడకపోతే బల్ల కాలి కింద కాగితం మడిచి పెడతాడు, అప్పుడుగానీ ముద్ద ఎత్తడు. చిన్నప్పుడు అది చూసి మురిసిపోయేదాన్ని. ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది.

కింది వాటాలో పరిచిన నల్లరాతి నేల ఆయన చేసిన పనులన్నిటిలోకి గొప్పది. వీధి తలుపు తీసి నిలబడితే పెరటివైపు కిటికీ ఆ నేలలో తలకిందులుగా కనపడుతుంది. కొత్తగా పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళని మామయ్య మాటలతో ఒప్పించడు. చెప్పులు విప్పించి లోపలికి తెచ్చి నిలబెడతాడు. వాళ్ళు కిందికి చూసి, తమ ముఖం తామే చూసుకొని, ఇంకో మాట లేకుండా ఒప్పేసుకుంటారు.

ఆ నేల మీద అత్త ఒకసారి పాలగిన్నెతో జారింది. ఇంకోసారి ఉతికిన బట్టల బుట్టతో జారింది. రెండుసార్లూ లేచి కూర్చుని ఒకే మాట చెప్పింది. "తడి కాలితో అడుగు వెయ్యలేకపోతున్నానయ్యా. కొంచెం గరుకు కొట్టు." ఆయన వంగి, ఆమె పడిన చోట రాయికి గీత పడిందేమోనని చేత్తో తడిమి చూశాడు. తర్వాత లేచి అన్నాడు. "నేల మంచిదే. నీ నడకే మంచిది కాదు."

ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు. చుట్టాలు పడీపడీ నవ్వేవాళ్ళు. అత్త నవ్వేది కాదు. లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర గిన్నెల్ని గట్టిగా పెట్టేది. ఆ చప్పుడు పైన నాకు వినపడేది.

మూడోసారి పడినప్పుడు తుంటి విరిగింది.

ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఎలా పడ్డారని పెద్ద డాక్టరు అడిగాడు. అత్త నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నాడు. "నేల మంచిదేనండీ డాక్టర్ గారూ. ఆవిడ నడకే కాస్త..." ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు, ఎందుకంటే నేను ఆయన చెయ్యి పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాను. అక్కడ ఎంత అరిచానంటే ఆయా వచ్చి ఇది ఆసుపత్రి అని గుర్తు చేయాల్సి వచ్చింది. వరండా నేల కూడా ఆయన పరిచిందే. నేను అరుస్తున్నంతసేపూ ఒక మూల రాయి పైకి లేచిందా అని కిందికే చూస్తున్నాడు.

ఇంటికి తెచ్చాక అసలు గొడవ మొదలైంది. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. రోజూ నడవాలి. ఇప్పుడు నడవకపోతే కాళ్ళలో బలం పోతుంది, ఆ తర్వాత నడవాలనుకున్నా నడవలేరు, ఇక మంచమే గతి. అత్త అంతా విని తల ఊపింది. ఆ అమ్మాయి చెయ్యి అందించి లేవమంది.

"ఈ నేల మీద నేను కాలు పెట్టను" అంది అత్త.

బతిమాలాం, బెదిరించాం. నేను రబ్బరు అట్ట వేసి గుడ్డ జోళ్ళు కుట్టి తెచ్చాను. వాటిని చేత్తో పట్టుకుని తిప్పి చూసి నా ఒళ్ళోనే పడేసింది. "నా కాళ్ళకి జోళ్ళు తొడుగుతారు గానీ ఆయన రాయికి మాత్రం గీత పెట్టరు. ఎంత బాగుందే!" చాపలు పరిచి చూశాం. ఆ రాయి మీద చాప కూడా జారింది. వ్యాయామం అమ్మాయే జారి గోడ పట్టుకుంది.

"మరి ఎక్కడ నడుస్తారమ్మా?" అంది ఆ అమ్మాయి విసుగొచ్చి.

అత్త కిటికీలోంచి పెరట్లోకి చెయ్యి చూపించింది. "అదిగో, అక్కడ. గడ్డి మీద అయితే నడుస్తా."

కసిగా అన్న మాట అది. ఎందుకంటే అక్కడ గడ్డి లేదు. ఉన్నదల్లా మోకాలెత్తు కలుపు, దాని అడుగున ఎప్పుడూ ఆరని బురద, దోమలు. కాలు పెడితే చీలమండ దాకా దిగబడేది.

కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడ అత్త పెంచిన పచ్చిక ఉండేది. దాని మీద కూర్చుని నాకు జడ వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ పచ్చిక ఎవరి వల్ల పోయిందో ఇంట్లో అందరికీ తెలుసు. మామయ్య రోజూ పని నుంచి వచ్చి తట్టలు, బకెట్లు, తాపీలు పెరట్లో కడిగేవాడు. సిమెంటు నీళ్ళు, సానపట్టిన రాతి బురద, అన్నీ గడ్డిలోకే. అత్త వద్దంటే, "నీళ్ళే కదా" అనేవాడు. ఆయనకి ఏదైనా అంతే. ఆయన నేల అయితే ప్రాణం, పక్కవాళ్ళది అయితే నీళ్ళే కదా.

నేను ఆ సాయంత్రం ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "మామయ్యా, ఉలీ సుత్తీ తీసుకో. మంచం దగ్గర నుంచి పెరటి గుమ్మం దాకా ఒక బాటంత గరుకు కొట్టు. ఒక్క పూట పని. అత్త లేచి నడుస్తుంది."

ఎవరో చచ్చిపోయారని చెప్పినట్టు నా ముఖంలోకి చూశాడు.  "పెరడు బాగుచేస్తాలే" అన్నాడు.

అది విని నాకు తల తిరిగిపోయింది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, ఇల్లంత పెరడు తవ్వి, కలుపు పీకి, నీళ్ళు తోడి, పచ్చిక పెంచుతాడట. అంతా చేస్తాడట, ఆ రాయి మీద ఒక్క గంటు పెట్టకుండా ఉండటానికి. భార్య నడవాలని కాదు, నేల బతకాలని! ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన గునపం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే దిగాడు. అత్త తన మంచాన్ని కిటికీకి ఆనించమంది, తెర పూర్తిగా తీసేయమంది. ఇక అక్కడి నుంచి ఒకటే దాడి.

"తుంగ అది. పైపైన పీకితే వారం తిరక్కుండా మళ్ళీ మొలుస్తుంది. కింద గడ్డలుంటాయి, తవ్వు!"

"తవ్వుతున్నాగా!"

"ఏం తవ్వుతున్నావు? దానికి క్షవరం చేస్తున్నావు!"

ఆయన వంగి తుంగ గడ్డల్ని ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేసేవాడు. వీపంతా బురద, చేతులంతా దద్దుర్లు. జాలి పడాల్సిన దృశ్యమే. నాకు జాలి రాలేదు. టీ మాత్రం ఇచ్చాను, అదీ మాట్లాడకుండా.

కలుపు అయ్యాక లోతుగా తవ్వుతుంటే ఒక చోట గునపం ఖంగుమంది. పక్కన పొడిచాడు, అక్కడా ఖంగుమంది. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. జానెడు లోతులో బూడిదరంగు పెచ్చు, పెరడంతా పరుచుకుని ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన కడిగి పోసిన సిమెంటే ఇంకి ఇంకి గట్టిపడింది. వాన పడితే నీళ్ళు దిగే దారి లేదు. గడ్డి కింద, ఆయనకే తెలియకుండా, ఆయన ఇంకో నేల పరిచాడు.

సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన జేబులోంచి రసమట్టం తీసి ఆ పెచ్చు మీద పెట్టాడు. కళ్ళు మెరిశాయి. "అమ్మాయ్, చూశావా? ఎంత చదునుగా కూర్చుందో!"

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని ఆయన మీద విసరలేదంటే మా అమ్మ పెంపకమే కారణం.

ఆ పెచ్చు పగలగొట్టడానికి చాలా రోజులు పట్టింది. ముక్కల్ని గోడ పక్కన కుప్ప పోశాడు. చెరువు మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత తన పనివాడితనం బయటికి తీశాడు. దారాలు కట్టాడు. మట్టకర్ర వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాడు. ఎత్తు పల్లం లేకుండా, హాల్లో రాళ్ళు పరిచే ముందు చేసినట్టు మట్టిని చదును చేశాడు. బుడగ నడిమధ్యన నిలబడేదాకా వదల్లేదు. దాని మీద గరిక పిలకల్ని వరసగా నాటాడు.

కిటికీలోంచి అత్త అడిగింది. "అంత చదునుగా ఉంటే నీళ్ళు ఎటు పోతాయయ్యా?"

"కిందికి పోతాయి. పెచ్చు తీసేశాగా. నాకు చెప్పకు, నేల పని నాది."

గరిక వేళ్ళూనుకుంటున్న సమయానికి పెద్ద వాన పడింది. తెల్లారి చూస్తే పెరడంతా నీళ్ళు. కొత్త మట్టి ఆయన తొక్కిన తొక్కుడికి బిగిసిపోయింది, నీళ్ళు దిగలేదు. పక్కకి పోదామంటే వాలు లేదు. గాలి కూడా లేదేమో, నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. వాటిలో కిటికీ తలకిందులుగా కనపడుతోంది, కిటికీలో అత్త కనపడుతోంది.

"ఇక్కడ కూడా అద్దమే పరిచావా?" అంది అత్త. అరవలేదు. ఆ గొంతు విని నాకే భయమేసింది. గోడవైపు తిరిగి పడుకుంది. వ్యాయామం అమ్మాయి వచ్చి కాళ్ళు పట్టి చూసి, మెట్ల మీద నన్ను ఆపి, కండ కరిగిపోతోందని చెప్పింది. ఇంకా ఆలస్యమైతే తన చేతిలో లేదంది.

నేను నేరుగా మామయ్య దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు పరిచిన స్నానాల గదుల్లో ఎక్కడైనా నీళ్ళు నిలబడ్డాయా?"

"నిలబడవు. నీళ్ళు పారేలా వాటం ఇస్తాను కదా."

"మరి ఇక్కడెందుకు ఇవ్వలేదు?"

"అది స్నానాల గది" అన్నాడు. "ఇది నలుగురికీ కనపడే నేల. కనపడే నేల వంకరగా ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"చూసేవాళ్ళా!" అన్నాను. ఇక ఆగలేదు. "నడిచేవాళ్ళ సంగతేంటి? జీవితమంతా చూసేవాళ్ళ కోసమే పరిచావు. నీ నేల మీద నడిచే మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ మంచం పట్టింది. రేపటికల్లా ఈ నీళ్ళు పోకపోతే అత్తని నేను పైకి తీసుకుపోతాను. నువ్వూ నీ అద్దమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోండి."

 మధ్యాహ్నానికి ఆయన, నాటిన గరికని మట్టితో సహా లేపి తడిగోనెల మీద పెట్టడం కనపడింది. గోడ దగ్గర ఎత్తుగా, వీధి కాలువ వైపు పల్లంగా మట్టి సర్దాడు. అంచున కాలువ తవ్వి, పగలగొట్టిన సిమెంటు పెచ్చుల్నే అందులో నింపి, పైన ఇసుక పోశాడు. మధ్యమధ్యలో అలవాటుగా రసమట్టం పెట్టేవాడు. బుడగ ఒక పక్కకి పారిపోయేది. పంటి నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టి దాన్ని జేబులో వేసుకునేవాడు. చివరికి ఒక రోజు తీసుకెళ్ళి సామాన్ల పెట్టెలో పడేశాడు.

గరిక ఈసారి పట్టుకుంది. పచ్చగా, దట్టంగా అల్లుకుంది. తుంగ అక్కడక్కడ తల ఎత్తితే ఆయనే వెళ్ళి గడ్డతో సహా తీసేవాడు.

అత్త మాట తప్పలేదు. గడ్డి మీద నడుస్తానంది, నడిచింది. కానీ మంచం నుంచి గడ్డి దాకా ఎలా? కుర్చీలో కూర్చోబెట్టి ఆయన ఒక వైపు, నేనొక వైపు పట్టుకుని మోసుకెళ్ళేవాళ్ళం. రాణీగారి ఊరేగింపు. మొదటి రోజే నల్లరాతి మధ్యకి వచ్చేసరికి మామయ్య కాలు సర్రున జారింది. కుర్చీ ఒరిగింది, నేను మోకాలు అడ్డం పెట్టి ఆపాను. ఆయన నిలదొక్కుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"నీ నడక మంచిది కాదయ్యా" అంది అత్త, కుర్చీలోంచి.

ఆయన కుర్చీ పట్టు సర్దుకుని ముందుకి అడుగేశాడు.

మొదట ఊతగా ఇనప చట్రం పట్టుకుని నడిచింది, తర్వాత చేతికర్రతో. ఒకసారి తూలి కూర్చుండిపోయింది, గడ్డి మెత్తగా ఆపుకుంది. వ్యాయామం అమ్మాయి చప్పట్లు కొట్టింది. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూసి పచ్చిక ఎంత బాగుందో అన్నారు. ఇంకేం, మామయ్య ఛాతీ విరుచుకున్నాడు. పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళని ఇప్పుడు ముందు నల్లరాయి చూపించి, తర్వాత పెరట్లోకి తెచ్చి గడ్డి చూపించడం మొదలుపెట్టాడు. మా ఆవిడ కోసం చేశానని చెప్పేవాడు. అది వినపడ్డప్పుడల్లా పైన నా మిషను సూది విరిగేది. అత్త కాళ్ళు బాగుపడ్డాయి. అయినా లోపల అడుగు పెట్టేది కాదు. దాహం వేస్తే లేచి నీళ్ళు తాగలేని బతుకు. గ్లాసుడు నీళ్ళ కోసం ఎవరో ఒకరు రావాలి. అది ఆయనకి కనపడలేదు. నడుస్తోంది కదా అనేవాడు.

ఒక సాయంత్రం ఆమె గడ్డి మీద ఉండగా వాన అందుకుంది. నేను గొడుగు పట్టుకుని పరుగెత్తాను. మామయ్య కుర్చీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"రా, కూర్చో. తడిసిపోతున్నావు."

"కూర్చోను. నడిచే వస్తా."

"అయితే రా మరి!"

"దేని మీద నడిచి రమ్మంటావు?"

 వాన జోరందుకుంది. నేను గొడుగు పట్టబోతే అత్త కర్రతో పక్కకి నెట్టేసింది. జుట్టు ముఖానికి అంటుకుపోయింది, చీర కాళ్ళకి చుట్టుకుంది.  ఆమె పాదాల చుట్టూ పడిన నీళ్ళు పడినట్టే గడ్డిలోంచి జారి, అంచు కాలువలోకి, అక్కణ్ణుంచి వీధిలోకి పోతున్నాయి. మామయ్య చూపు అక్కడికి పోయింది. ఆ సమయంలో కూడా, ఆ మనిషి ఉండబట్టలేకపోయాడు.

"చూశావా? చుక్క నిలబడలేదు."

"చూశాను" అంది అత్త. "గడ్డికి చేసింది నాకు చెయ్యి."

 ఇన్నేళ్ళ తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మామయ్య కుర్చీ కింద పెట్టాడు. లోపలికి వెళ్ళాడు. వెళ్ళిపోయాడనుకుని నేను నోరు తెరవబోయాను. అంతలో సామాన్ల పెట్టె మూత పడిన చప్పుడు వినపడింది.

గుమ్మం లోపల మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడం అరచేత్తో రాయిని ఒకసారి తుడిచాడు. ఉలి ఆనించి, సుత్తి ఎత్తి, అలాగే కాసేపు పట్టుకున్నాడు. తర్వాత కొట్టాడు. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. తెల్లటి గంటు పడింది. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. ఆయన పని ఆయనకి వచ్చు కదా, కొట్టడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. మెరుపంతా పొడిగా రాలి, చెమటకి ఆయన చేతులకి అంటుకుంది. ముక్కు తుడుచుకున్నాడు, అది చెమట మాత్రం కాదు.

"నడక..." అన్నాడు తల ఎత్తకుండా.

"ఏంటీ? వానలో వినపడట్లేదు" అంది అత్త.

"నీ నడక మంచిదే!" అని అరిచాడు. "నేలే మంచిది కాదు!"

పక్కింట్లో ఎవరో కిటికీ తీశారు. అత్త గుమ్మం దాకా నడిచింది. ద్వారబంధానికి చెయ్యి ఆనించి, తడి కాలు ఎత్తి, గంట్లు పడిన రాయి మీద పెట్టింది. వేళ్ళతో ఒకసారి రుద్ది చూసింది. బరువు మోపింది. రెండో కాలు కూడా లోపలికి తెచ్చింది. నీళ్ళు ఒంటి మీద నుంచి ధారలుగా కారుతున్నాయి. కాలు జారలేదు.

గరుకు కొట్టిన మేర నడిచి, మెరిసే రాయి మొదలయ్యే చోట ఆగింది. ఆయన అక్కడ కూర్చుని, మూతి మీద దుమ్ముతో, ఆమె పాదాలనే చూస్తున్నాడు. ఆమె కర్రతో ముందున్న రాయి మీద రెండుసార్లు కొట్టింది.

"ఆగావేం? మంచం ఇంకా అక్కడుంది."

ఆయన పక్కకి జరిగి మళ్ళీ సుత్తి ఎత్తాడు.